లెక్కలో తేడా

మా కొండను మేం ఆడమనిషిగానే పిలుస్తాం.
"రాత్రి ఆవిడకు నిద్ర పట్టినట్టు లేదు" అంటుంది అమ్మ
మెట్ల మీది నల్లటి బూడిద ఊడుస్తూ.
ఎట్నా కింద బతికేవాళ్ళకు
మంటంటే భయం ఉండదు, మర్యాద ఉంటుంది.

మమ్మల్ని పట్టుకున్నది మంట కాదు.
ఊరి వెనక క్వారీలో దొరికే బూడిదరంగు ఇసుక.
పిండిలా మెత్తన. చవక.
సున్నంలో కలిపి మెత్తితే ఊడి రాదు.
మూడు తరాలుగా దాంతోనే ఇళ్ళు కట్టుకున్నాం,
బడి కట్టుకున్నాం, బడి ముందు దుమ్ములో బంతాట ఆడుకున్నాం.
గోడలకు చెవులుంటాయని విన్నాం గానీ
గోళ్ళు కూడా ఉంటాయని తెలియదు.

భూగర్భ శాస్త్రవేత్త వెనెరా వచ్చింది ఓ మార్చిలో.
కొత్త రాయి కనబడితే
నాలుక కొసతో తాకి చూడటం ఆమెకు అలవాటట.
మా క్వారీలో రాయి పగలగొట్టి, భూతద్దం పెట్టి చూసి,
మూతికి గుడ్డ కట్టుకుంది.
ఆ రోజు ఇంకేమీ చెప్పలేదు.

తర్వాత గొర్రెల ఊపిరితిత్తులు అడిగారు.
"కుక్కలకు వేసేవి, మీకెందుకు?" అని నవ్వాడు కాపరి బియాజో.
గొర్రె సిగరెట్టు కాల్చదు, ఫ్యాక్టరీకి వెళ్ళదు,
ఇన్సూరెన్సు కోసం అబద్ధమాడదు.
పుట్టిన వాలు మీదే మేసి, పీల్చి, పోతుంది.
దాని ఊపిరితిత్తుల్లో వెనెరా చూసిన రాయే దొరికింది,
వెంట్రుకలో నూరో వంతు సూదులుగా.

కతానియాలో డాక్టర్ నుంజియో
పక్కటెముకల మధ్య దారి తీస్తాడు.
"ఇదిగో, ఈ పొర" అన్నాడొకసారి క్యాంటీన్లో
నారింజ తొన ఒలుస్తూ,
"ఊపిరితిత్తి చుట్టూ ఇలాంటిదే.
మీ ఊరివాళ్ళలో గట్టిపడిపోయి
పటకారుతో తడితే టక్కుమంటుంది, గోడ మీద తట్టినట్టే."
ఆ తొన తినకుండా పళ్ళెంలో పెట్టేశాడు.

నా పని లెక్కపెట్టడం.
ఆయన కోసిన ముక్కను కరిగించి, వడగట్టి,
సూక్ష్మదర్శిని కింద గడి తర్వాత గడి చూడటం.
పొడవు వెడల్పుకు మూడింతలుంటే పోగు.
లేదంటే వట్టి దుమ్ము, వదిలెయ్యి.
సీసా మీద పేరుండదు, అంకె ఉంటుంది.

నలభై ఒకటో సీసా.
డెబ్భై నాలుగేళ్ళు. తాపీ మేస్త్రీ. ఎడమచేతి వాటం.
ఎడమచేతి వాటమని ఎవరు రాశారు, ఎందుకు రాశారు!
మా ఊళ్ళో ఎడమచేత్తో తాపీ పట్టినవాడు ఒక్కడే.

నాకు ఏడేళ్ళప్పుడు ప్లాచిదో మా వంటింటి గోడ మెత్తాడు.
తడి ఆరకముందే నన్ను భుజానికెత్తుకుని
"సంతకం పెట్టు, యజమానివి నువ్వే" అన్నాడు.
అరచేయి అచ్చు పడింది.
నా వేళ్ళకంటిన ఇసుకను ఉఫ్ఫని ఊదాడు.
ఇద్దరం నవ్వాం.
నవ్వాలంటే ముందు గాలి లోపలికి తీసుకోవాలి.

తెలిసినవాళ్ళదైతే ఇంకొకరికి ఇచ్చేయాలన్నది నియమం.
ఇవ్వలేదు.
నూట పన్నెండు.

నా అంకె చూడకుండా రెండో మనిషి కూడా లెక్కపెట్టాలి.
ఒర్నెల్లాకు నూట పది వచ్చాయి.
"హద్దులోనే ఉంది, సరాసరి వేసి పంపేద్దాం" అంది.
ఒప్పుకోలేదు నేను. మళ్ళీ లైటు వేశాను.
ఒకటి గీత బయట పడింది, ఆమెదే నిజం.
రెండోది మూల గడిలో, నిటారుగా,
ఎవరో తలుపు దగ్గర నిలబడ్డట్టు.
"ఇది ఉంది" అన్నాను.
కుర్చీ లాక్కుని చాలాసేపు చూసింది.
"ఉంది" అంది.
నూట పదకొండు అని రాశాం.

సాయంత్రం అమ్మ ఫావా గింజలు ఉడికిస్తోంది.
మునిసిపాలిటీ పూసిన మందపాటి తెల్లరంగు కింద
నా ఏడేళ్ళ చేయి ఎక్కడుందో నాకు తెలుసు.
అటు వెళ్ళలేదు.
"ప్లాచిదో ఎలా ఉన్నాడో, ఏమైనా విన్నావా?"
"నాకెవరి పేర్లూ చెప్పరమ్మా" అన్నాను.